కంది చేలో సైక్లోఫిలిన్

మార్పిడి చేసిన కిడ్నీని నిలబెట్టే మందు, హెచ్‌ఐవీ వేసే ఎత్తు, బెట్టకు లొంగని కంది... ఈ మూడు కథల్లోనూ తిరిగేది ఒకటే ప్రొటీన్ల కుటుంబం. అనంతపురం మెట్ట చేల నుంచి నార్వే పీఠభూమి దాకా దాని ఆనవాళ్లున్నాయి.

కార్తీకం వెళ్లాక అనంతపురం వైపు మెట్ట చేలన్నీ దాదాపు ఒకేలా కనిపిస్తాయి. వేరుశనగ పీకడం అయిపోయి ఉంటుంది. కట్టె వాములకు చేరి ఉంటుంది. బోసిపోయిన ఎర్రనేలలో ఏడు సాళ్లకొకటి, పదకొండు సాళ్లకొకటి చొప్పున కంది మాత్రం పూతా పిందెతో ఇంకా నిలబడే ఉంటుంది. జూన్, జులైలలో పదును దొరగ్గానే రెండింటినీ కలిపే విత్తారు. రెండూ ఒకే వానకు మొలిచాయి, ఒకే బెట్టను చూశాయి. ఊడలు దిగే వేళ నెల రోజులు చినుకు లేకపోతే వేరుశనగలో కాయ నిలవదు. కంది ఆ నెలను ఎలాగోలా గడిపేసి, వెనక వాన ఒక్కటి పడితే చాలు మళ్లీ చిగురు వేస్తుంది. శనక్కాయ పోయినా ఇంట్లోకి పప్పయినా మిగులుతుందన్న ధీమాతోనే ఇక్కడ ఆ సాళ్లు వేస్తారు.

ఇక్కడ ఏడాదికి పడే వాన 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. దేశంలో అతి తక్కువ వాన పడే జిల్లాల్లో ఒకటిగా అనంతపురానికి పేరుంది. నైరుతి మబ్బుల్ని పడమటి కనుమలు ఆపేస్తాయి. ఈశాన్య రుతుపవనం కోస్తాను తడిపి ఇక్కడికి చేరేసరికి నీరసించిపోతుంది. పడిన వానైనా పంటకు కావాల్సిన వేళకు పడదు. ఇలాంటి చోట ఒకప్పుడు 8 లక్షల హెక్టార్ల దాకా వేరుశనగే సాగయింది. 1940లో తిండివనంలో విడుదలైన టీఎంవీ-2 రకాన్ని ఇక్కడి రైతు దశాబ్దాల పాటు వదల్లేదు. 2005లో కదిరి పరిశోధన కేంద్రం నుంచి కె-6 వచ్చాకే దాని పట్టు సడలింది. 2022 ఏప్రిల్‌లో జిల్లా రెండుగా చీలి కదిరి శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్లింది. కరువు మాత్రం ఉమ్మడి ఆస్తిగానే ఉండిపోయింది.

కంది ఓర్పుకు పైకి కనిపించే కారణాలు రైతులకు తెలిసినవే. తల్లివేరు లోతుకు దిగుతుంది. ఎండ మండేటప్పుడు ఆకులు వాలు మార్చి, సూర్యుడికి వీపు కాకుండా అంచు చూపుతాయి. మరి కణం లోపల ఏం జరుగుతుంది? హైదరాబాద్‌లోని ఉస్మానియా విశ్వవిద్యాలయంలో మొక్కల అణుజీవశాస్త్ర కేంద్రం శాస్త్రవేత్తలు పట్టుకున్నది ఈ ప్రశ్ననే. కంది మొక్కల్ని నీళ్లకు మొహం వాచేలా చేశారు. ఆ సమయంలో వాటి కణాల్లో పనిచేస్తున్న జన్యువుల ప్రతుల్ని సేకరించి దొంతర పెట్టారు. అందులోంచి దొరికిన ఒక జన్యువు సంగతిని కె.శేఖర్, బి.ప్రియాంక, వి.డి.రెడ్డి, కె.వి.రావు 2010లో ‘ప్లాంట్, సెల్ అండ్ ఎన్విరాన్‌మెంట్’ పత్రికలో ప్రకటించారు. ఆ జన్యువు తయారుచేసేది 172 అమైనో ఆమ్లాల బుల్లి ప్రొటీన్. అదే కంది సైక్లోఫిలిన్.

సైక్లోఫిలిన్ల కుటుంబం సభ్యులు మనిషిలో 17 మంది ఉన్నారు. ఆవాల జాతికి చెందిన అరబిడాప్సిస్ అనే చిన్న కలుపు మొక్కలో 30 దాకా ఉన్నారు. ఈస్టులోనూ ఉన్నారు, బాక్టీరియాలోనూ ఉన్నారు. అంటే జీవం పుట్టి పెరిగిన దారిలో దాదాపు ఎవరూ వదులుకోని సామాను ఇది.

ఇంతకీ ఇది చేసే పనేమిటి? ప్రొటీన్ అంటే అమైనో ఆమ్లాల పొడవాటి గొలుసు. సరైన రూపంలోకి మడత పడితేనే దానికి పని. గొలుసులో ప్రోలిన్ అనే అమైనో ఆమ్లం వచ్చిన చోట చిక్కొస్తుంది. దాని ముందున్న బంధం రెండు రకాలుగా ఉండగలదు, ఒకవైపు నుంచి మరోవైపుకు తిరగాలంటే మాత్రం మొండికేస్తుంది. తనంతట తాను తిరగడానికి సెకన్ల నుంచి నిమిషాల దాకా పట్టవచ్చు. కణం లెక్కలో అది యుగం. సాలు చివర ఎద్దులు మలుపు తీసుకోవాలంటే ముక్కుతాడు పట్టుకుని తిప్పే మనిషి ఒకడుంటే దున్నకం ఎంత వడిగా సాగుతుందో, ప్రోలిన్ దగ్గర సైక్లోఫిలిన్ ఉంటే మడత పని అంత వడిగా సాగుతుంది. ఆ మలుపు తిప్పేశాక అది అక్కడ ఆగదు, మరో గొలుసు దగ్గరికి పోతుంది.

ఇంత మౌలికమైన పని చేసే ప్రొటీన్ శాస్త్రవేత్తల కంటపడింది మాత్రం ఒక మందు పుణ్యాన. ఆ మందు కథ కూడా ఒక పీఠభూమి మీదే మొదలైంది.

నార్వేలో హార్డాంగెర్‌విడ్డా అని విశాలమైన ఎత్తు నేల ఉంది. చెట్టూచేమా లేని చలి ప్రదేశం. 1969లో స్విట్జర్లాండ్ మందుల కంపెనీ శాండోజ్ ఉద్యోగి ఒకరు అక్కడికి సెలవులకు వెళ్లారు. ఎక్కడికెళ్లినా కాస్త మట్టి తెమ్మని ఆ కంపెనీ తన ఉద్యోగులకు చెప్పి ఉంచింది. కొత్త యాంటీబయాటిక్ ఏదైనా దొరుకుతుందేమోనని ఆశ. ఆయన తెచ్చిన మట్టిలో ఒక బూజు దొరికింది, ఆ బూజులో సైక్లోస్పోరిన్ దొరికింది. యాంటీబయాటిక్‌గా అది అంతంత మాత్రమే. ఇంకో కంపెనీ అయితే అక్కడితో పారేసేదేమో! శాండోజ్‌లో జాన్ ఫ్రాంస్వా బొరెల్, హార్ట్‌మన్ స్టాహెలిన్ బృందాలు పట్టు వదల్లేదు. 1972 నాటికి దాని అసలు గుణం బయటపడింది. మిగతా కణాలను పెద్దగా చంపకుండానే రోగనిరోధక వ్యవస్థ దూకుడును తగ్గిస్తోందది.

అవయవ మార్పిడి డాక్టర్లు సరిగ్గా ఇలాంటి దాని కోసమే చూస్తున్నారు. పరాయి కిడ్నీ ఒంట్లోకి రాగానే తెల్లకణాలు దాన్ని శత్రువనుకుని దాడి చేస్తాయి. 1978లో కేంబ్రిడ్జ్‌లో రాయ్ కాల్న్ సైక్లోస్పోరిన్‌ను తొలిసారి కిడ్నీ రోగులకు వాడారు. 1983లో అమెరికా అనుమతి వచ్చింది. అంతకు ముందు మరణించిన దాతల కిడ్నీల్లో ఏడాది నిలిచేవి సుమారు సగమే. ఈ మందుతో ఆ లెక్క 80 శాతం దరిదాపులకు చేరింది. మన దేశంలో తొలి విజయవంతమైన కిడ్నీ మార్పిడి 1971లోనే వెల్లూరు సీఎంసీలో జరిగింది, రాయలసీమ వాళ్లకు పెద్దజబ్బంటే గుర్తొచ్చే ఊరది. గుండె మార్పిడి ప్రపంచమంతా పుంజుకున్నది మాత్రం సైక్లోస్పోరిన్ వచ్చాకే. 1994 ఆగస్టు 3న ఢిల్లీ ఎయిమ్స్‌లో దేశంలోనే మొదటిసారి గుండె మార్పిడిని విజయవంతం చేసిన పి.వేణుగోపాల్ రాజమహేంద్రవరంలో పుట్టిన తెలుగువారు.

మందు పనిచేస్తోంది సరే, కణంలో అది దేన్ని పట్టుకుంటోంది? 1984లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో రాబర్ట్ హాండ్‌షుమాకర్ బృందం ఆవు థైమస్ గ్రంథి కణాల్లోంచి ఆ ప్రొటీన్‌ను వేరుచేసి సైక్లోఫిలిన్ అని పేరు పెట్టింది. అదే ఏడాది బెర్లిన్ గోడకు అవతల తూర్పు జర్మనీలోని హాలే పట్టణంలో గుంటర్ ఫిషర్ పంది కిడ్నీలో ప్రోలిన్ బంధాలను తిప్పే ఎంజైమ్‌ను కనిపెట్టారు. ఒకరి సంగతి ఒకరికి తెలియదు. రెండూ ఒకటేనని తేలడానికి ఐదేళ్లు పట్టింది. 1989లో ‘నేచర్’లో వచ్చిన రెండు పత్రాలు ఆ ముడి విప్పాయి.

అప్పుడు అందరూ ఊహించింది ఒకటే: మందు ఈ ఎంజైమ్‌ను ఆపేస్తుంది కాబట్టే రోగనిరోధక శక్తి తగ్గుతోందని. అది తప్పని 1991లో తేలింది. సైక్లోస్పోరిన్, సైక్లోఫిలిన్ జంటగా కలిసి మూడో ప్రొటీన్‌ను, కాల్సిన్యూరిన్‌ను అడ్డుకుంటాయి. కాల్సిన్యూరిన్ ఆగితే తెల్లకణాలకు దాడి చేయమనే సంకేతం అందదు. చాకిరీ చేసుకుపోయే ప్రొటీన్‌ను మందు తన పనికి బంట్రోతుగా వాడుకుంటోందన్నమాట. ఈ కుటుంబం కథలో ఇదే అసలైన విశేషం. దీన్ని ఎవరెవరు ఏ పనికి వాడుకున్నారో చూస్తే ఆశ్చర్యమేస్తుంది.

సైక్లోస్పోరిన్‌కు ఇబ్బందులు లేకపోలేదు. కాపాడాల్సిన కిడ్నీకే మోతాదు మించితే హాని చేస్తుంది. చిగుళ్లు ఉబ్బుతాయి, ఒంటి మీద వెంట్రుకలు పెరుగుతాయి, బీపీ ఎక్కుతుంది. అందుకే చాలా ఆసుపత్రుల్లో ఇప్పుడు టాక్రోలిమస్‌దే పైచేయి. అది కూడా కాల్సిన్యూరిన్‌నే ఆపుతుంది కానీ వేరే ప్రొటీన్‌ను తోడు చేసుకుంటుంది. ఇంకో మాట. ఈ మందులు వాడేవాళ్లు గ్రేప్‌ఫ్రూట్, పంపరపనస ముట్టకూడదు. వాటిలోని రసాయనాలు రక్తంలో మందు మోతాదును పెంచేస్తాయి. నిమ్మజాతి పండే కదా అని చీనీ తోటల సీమలో అనుమానం రావడం సహజం. చీనీకి ఆ చెడ్డపేరు లేదు. అయినా డాక్టరును అడిగి తినడమే మేలు.

ఇక హెచ్‌ఐవీ. బత్తలపల్లిలోని ఆర్డీటీ ఆసుపత్రి పేరు అనంతపురం వాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. విసెంటె ఫెర్రర్ 1969లో మొదలుపెట్టిన సంస్థది ఆ ఆసుపత్రి. వేలాది హెచ్‌ఐవీ రోగులకు ఏళ్ల తరబడి చేసిన వైద్యం ఆధారంగా అక్కడి డాక్టర్లు రాసిన అధ్యయనాలు అంతర్జాతీయ పత్రికల్లో వచ్చాయి. ఆ రోగుల ఒంట్లోని వైరస్ కూడా సైక్లోఫిలిన్‌తో బేరం పెట్టుకున్నదే. వైరస్ జన్యుపదార్థం చుట్టూ శంకువు ఆకారంలో ఒక గుల్ల ఉంటుంది. ఆ గుల్లలోని ప్రొటీన్ మన సైక్లోఫిలిన్-ఎ ను పట్టుకుంటుందని 1993లో జెరెమీ లూబన్ బృందం చూపింది. కొత్తగా పుట్టే ఒక్కో వైరస్ 200 దాకా సైక్లోఫిలిన్ అణువుల్ని వెంట తీసుకుపోతుంది. కణంలోకి చొరబడ్డాక గుల్లను పట్టి చీల్చే ట్రిమ్-5 అనే కాపలా ప్రొటీన్ ఒకటుంది. దాని కంటపడకుండా వైరస్‌కు కప్పుకోవడానికి సైక్లోఫిలిన్ పనికొస్తుంది.

దీనికి ఎదురుదెబ్బ కొట్టినది ఒక కోతి. దక్షిణ అమెరికా అడవుల్లో గుడ్లగూబ కళ్లతో రాత్రిపూట తిరిగే కోతి జాతికి హెచ్‌ఐవీ సోకదు. ఎందుకో 2004లో తెలిసింది. ఎప్పుడో పరిణామ దారిలో దాని సైక్లోఫిలిన్ జన్యువు ప్రతి ఒకటి ఎగిరొచ్చి సరిగ్గా ట్రిమ్-5 జన్యువులో పడింది. రెండూ అతుక్కుపోయి ఒకే ప్రొటీన్ తయారైంది. వైరస్ అలవాటుకొద్దీ సైక్లోఫిలిన్‌ను పట్టుకోబోతుంది, దాని వెనకే ఉన్న కాపలావాడి చేతికి చిక్కుతుంది. కట్టుకథలో ఇలా రాస్తే ఎవరూ నమ్మరు!

హెపటైటిస్-సి వైరస్‌కూ ఈ ప్రొటీన్ లేనిదే గడవదు. అందుకే రోగనిరోధక శక్తి జోలికి పోకుండా సైక్లోఫిలిన్‌ను మాత్రమే అడ్డుకునే అలిస్పొరివిర్ అనే మందు తయారై చివరి దశ పరీక్షల దాకా వెళ్లింది. 2012లో కొందరికి క్లోమం వాపు రావడంతో పరీక్షలకు బ్రేక్ పడింది. మరుసటి ఏడాదే సోఫోస్‌బువిర్ వచ్చి బరిలో ఇంకెవరికీ చోటు లేకుండా చేసింది. 2015లో దాన్ని ‘హెప్సినాట్’ పేరుతో మన దగ్గర అమ్మకానికి తెచ్చింది హైదరాబాద్‌లోని మందుల కంపెనీ నాట్కోనే. గుండెపోటు విషయంలోనూ ఇలాంటి నిరాశే. మైటోకాండ్రియాలో ఉండే సైక్లోఫిలిన్-డి లేని ఎలుకల గుండెకు దెబ్బ తక్కువ తగులుతుందని 2005లో తేలింది. ఆశ పుట్టింది. 2015లో 970 మంది రోగులపై చేసిన పరీక్షలో సైక్లోస్పోరిన్ ఏ మేలూ చేయలేదు. ఎలుక వేరు, మనిషి వేరు.

పుట్టుకతోనే ఈ కుటుంబంలో ఒకరు లోపిస్తే? సైక్లోఫిలిన్-బి జన్యువు చెడిన పిల్లలకు కొలాజెన్ సరిగా మడత పడదు. ఎముకలు పుల్లల్లా విరిగే అరుదైన జబ్బు వస్తుంది. మరోవైపు ఇప్పుడు క్యాన్సర్ వైద్యంలో ఈ ప్రొటీన్ పేరు గట్టిగా వినిపిస్తోంది. రాస్ అనే క్యాన్సర్ ప్రొటీన్ నున్నగా ఉంటుంది, మందులకు పట్టు దొరకడం కష్టం. డారాక్సన్‌రాసిబ్ అనే మందు ముందు సైక్లోఫిలిన్-ఎ ను పట్టుకుని, ఆ జంట కలిసి రాస్ మీద పడుతుంది. క్లోమ క్యాన్సర్ మీద ఇది మూడో దశ పరీక్షల దాకా వచ్చింది. నార్వే బూజు చేసిన పనినే రసాయన శాస్త్రవేత్తలు నేర్చుకుని ఇంకో శత్రువు మీద ప్రయోగించారు. దీనికి నమూనా అయిన సాంగ్లిఫెరిన్ దొరికిందీ మట్టిలోనే, ఆఫ్రికాలోని మలావీ మట్టిలో.

మళ్లీ పొలానికి వద్దాం. మొక్కలో సైక్లోఫిలిన్ లేకపోతే ఏమవుతుందో చెప్పడానికి టమాటా చాలు. మొలక నిటారుగా లేవకుండా నేల మీద అడ్డంగా పాకే వింత టమాటా మొక్క ఒకటి 1970ల నుంచి ప్రయోగశాలల్లో ఉంది. దానికి పక్కవేర్లు రావు. లోపం ఒక సైక్లోఫిలిన్ జన్యువులోనేనని 2006లో తేలింది. వేరు ఎటు పోవాలి, ఎక్కడ చీలాలి అని చెప్పే ఆక్సిన్ హార్మోన్ మాట ఆ మొక్క చెవికెక్కదు. తడి ఎక్కడుందో వెతుక్కోవాల్సిన నేలలో పక్కవేర్లు లేని మొక్క గతి ఏమిటో కక్కలపల్లి మార్కెట్‌కు టమాటా తోలే రైతుకు వేరే చెప్పాలా?

ఉస్మానియా బృందం చేసిన ప్రయోగం ఇది. కంది సైక్లోఫిలిన్ జన్యువును అరబిడాప్సిస్‌లో పెట్టి, అది ఎప్పుడూ పనిచేస్తూ ఉండేలా చూశారు. నీళ్లు ఆపారు, ఉప్పు పెట్టారు, వేడికీ చలికీ గురిచేశారు. మామూలు మొక్కలు వాడిపోయిన చోట ఈ మొక్కలు తట్టుకున్నాయి. బంధాలు తిప్పే ఎంజైమ్ చురుకుదనం కష్టకాలంలోనే ఎక్కువగా పెరిగింది. ఉప్పు పెట్టినప్పుడు ఇంకో సంగతి తెలిసింది. మామూలు మొక్కల్లో సోడియం వేళ్లలో కంటే పైభాగంలో ఎక్కువ చేరితే, కంది జన్యువున్న మొక్కల్లో వేళ్లలోనే ఎక్కువ ఆగిపోయింది. ఆకుకు చేరే విషం తగ్గింది. మెడలు వంచే ఎండలో ప్రొటీన్ల మడతలు చెదిరిపోతాయి, వాటిని చక్కదిద్దే చేతులు ఎన్ని ఉంటే అంత మంచిదన్న ఆలోచనకు ఈ ఫలితం సరిపోతుంది.

ఒక గందరగోళం తీర్చాలి. కరువులో మొక్కలు ప్రోలిన్‌ను పోగుచేసుకుంటాయని వ్యవసాయ విద్యార్థులు చదువుకుంటారు. అది విడిగా ఉండే ప్రోలిన్. కణంలో నీరు నిలవడానికి అది సాయపడుతుంది. సైక్లోఫిలిన్ తిప్పేది ప్రొటీన్ గొలుసులో బిగిసి ఉన్న ప్రోలిన్ దగ్గరి బంధాన్ని. పేరొకటే, పనులు వేరు.

అనంతపురంలోనూ ఇలాంటి పని జరిగింది. శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయంలో చింతా సుధాకర్ బృందం ఉలవలోని నాక్ అనే రకం జన్యువును వేరుశనగలో పెట్టి, బెట్టను తట్టుకునే శక్తి పెరిగిందని 2014లో ప్రకటించింది. సైక్లోఫిలిన్ మడత పనివాడైతే నాక్ ఇతర జన్యువులకు ఆజ్ఞలిచ్చే మేస్త్రీ. దారులు వేరైనా రెండు బృందాలూ వెతికింది మెట్ట రైతు చేలోనే. కందిలోనూ ఉలవలోనూ ఉన్న మొండితనాన్ని మిగతా పంటలకు అరువివ్వవచ్చా అన్నదే ఇద్దరి ప్రశ్న. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ నాయకత్వంలో కంది జన్యుపటం సిద్ధమై, అందులో 48,680 జన్యువులున్నాయని అంచనా వచ్చాక వెతకడం ఇంకా సులువైంది.

అయితే ఇక్కడ ఆవేశపడకూడదు. అరచేతిలో పట్టే అరబిడాప్సిస్ కుండీలో బతకడం వేరు, జానెడు లోతు ఎర్రమట్టిలో ఎకరానికి ఇన్ని బస్తాలు కాయడం వేరు. కరువును తట్టుకోవడమంటే చావకుండా ఉండటం ఒక్కటే కాదు, రైతుకు కావాల్సింది కాయ. ఒక్క జన్యువుతో కరువు తీరుతుందని చెప్పేవాళ్లను నమ్మకపోవడమే మంచిది. కంది దగ్గర లోతు వేరుంది, ఆకు తిప్పే తెలివుంది, ఇంకా పదుల కొద్దీ జన్యువుల సాయముంది. వాటిలో సైక్లోఫిలిన్ ఒకటి.

రెండో అడ్డంకి చట్టానిది. పరాయి జన్యువు పెట్టిన పంటల్లో మన దేశంలో రైతు చేతికి అధికారికంగా అందినది 2002 నాటి బీటీ పత్తి ఒక్కటే. బీటీ వంకాయకు 2010 ఫిబ్రవరిలో బ్రేకు పడింది, జన్యుమార్పిడి ఆవాల వివాదం సుప్రీంకోర్టుకెక్కింది. ఆ బాటలో కంది సైక్లోఫిలిన్ పొలానికి చేరడానికి దగ్గరి దారి కనిపించదు. మరో బాట మాత్రం ఈమధ్యే తెరుచుకుంది. 2025 మే 4న కేంద్రం రెండు జన్యు సవరణ వరి రకాలను ప్రకటించింది. పరాయి జన్యువేమీ చేర్చకుండా ఉన్నదాన్నే సవరించిన రకాలివి. ఒకటి సాంబ మసూరి నుంచి వచ్చిన కమల. రెండోది మారుటేరు ఎంటీయూ-1010 నుంచి వచ్చిన పూసా డీఎస్‌టీ రైస్-1, కరువునూ ఉప్పునూ తట్టుకోవడానికి ఉద్దేశించినది. రెండింటికీ పుట్టిల్లు ఆంధ్ర వరి పొలాలే.

ఈ అవకాశం నీళ్లున్న వరికే దక్కి, నీళ్లు లేని వేరుశనగకు దక్కకపోతే అన్యాయం. వేరుశనగకు సొంత సైక్లోఫిలిన్ జన్యువులున్నాయి, కందికీ ఉన్నాయి. బెట్ట రోజుల్లో ఏ రకంలో అవి చురుగ్గా లేస్తున్నాయో చూసి, ఆ రకాలను ఎంచి సంకరం చేయడానికి ఏ చట్టమూ అడ్డు కాదు. ఆ పని ప్రయోగశాల కుండీల్లో కాకుండా కదిరిలో, అనంతపురం పక్కనున్న రేకులకుంట పరిశోధన కేంద్రంలో, వరసగా కొన్ని ఖరీఫ్‌ల పాటు సాగాలి. అందుకు కావాల్సిన డబ్బును విశ్వవిద్యాలయాలు తమంతట తాము సమకూర్చుకోలేవు. రాష్ట్ర వ్యవసాయ శాఖ, భారత వ్యవసాయ పరిశోధన మండలి కలిసి ఆ బాధ్యత తీసుకోవాలి.